పండుగ తరగతి గదిలోకి వచ్చే ముందు: ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఉపాధ్యాయులకు జాగ్రత్తలు

వినాయక చవితి నుంచి ఉగాది దాకా భవిత కేంద్రాల్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రాలు), ప్రత్యేక పాఠశాలల్లో వరసగా పండుగలే. మట్టి పిసకడం, పూలు పేర్చడం, రంగులు తాకడం, ఆరు రుచుల పచ్చడి నాలుక మీద వేసుకోవడం ఇవన్నీ పిల్లలకు ఎంతో ఇష్టమైన పనులు. మాటలతో చెబితే పండుగ అందని పిల్లలకు అది చేతుల ద్వారా, ముక్కు ద్వారా, నాలుక ద్వారా చేరుతుంది. అందువల్ల ఈ సెన్సరీ కార్యక్రమాలు మానుకోమని ఎవరికీ చెప్పను. అయితే ఈ పిల్లల్లో చాలామంది దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. కొందరికి మింగడం సరిగా రాదు. కొందరు నొప్పి పుట్టినా చెప్పలేరు. మామూలు తరగతికి సరిపోయే జాగ్రత్త ఇక్కడ చాలదు.

నాకు ఎక్కువ భయం కలిగించేవి నిప్పు, టపాసుల వంటివి కావు. వాటి విషయంలో అందరం అప్రమత్తంగానే ఉంటాం. వాటికి బదులుగా, ప్రమాదం లేనివని నమ్మి తెచ్చే వస్తువుల దగ్గరే మన చూపు సడలుతుంది. నూనె దీపాన్ని అందకుండా పెట్టిన మనమే బ్యాటరీ ప్రమిదను పిల్లవాడి చేతికిచ్చి పక్కకు తిరుగుతాం.

ముందుగా ఇంటివాళ్ళతో మాట్లాడండి

పండుగకు కనీసం రెండు వారాల ముందు ఒక్కో పిల్లకు ఒక కాగితం తయారు చేసుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఒకే గదిలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు, కదలికలు అదుపులో లేకపోవడం), డౌన్ సిండ్రోమ్, వినికిడి లోపం ఉన్న పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరికి హాయినిచ్చేది ఇంకొకరికి హాని చేయవచ్చు. ఫిట్స్ వస్తాయా, చివరిసారి ఎప్పుడు వచ్చాయి, మందు ఏ వేళకు వేస్తారు, తింటుంటే పొలమారుతుందా, ఆస్తమా ఉందా, ఏ తిండి పడదు, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటుంది, ఏది తాకితే చేయి వెనక్కి లాక్కుంటుంది అని విడివిడిగా అడగండి. పిల్లతో రోజంతా ఉండేది అమ్మమ్మో నాయనమ్మో అయితే ఆమెనే అడగండి. ఆమె చెప్పే చిన్న సంగతులు ఏ వైద్య పత్రంలోనూ ఉండవు. ఆ ఇంట్లో ఆ పండుగ చేసుకుంటారా, బొట్టు పెట్టినా ప్రసాదం ఇచ్చినా అభ్యంతరమా అన్నది కూడా అడగాలి.

కొన్ని వైద్య సంగతులు ఉపాధ్యాయులకు తప్పనిసరిగా తెలిసి ఉండాలి. వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన స్పైనా బిఫిడా పిల్లల్లో చాలామందికి రబ్బరు లేటెక్స్ పడదు. వాళ్ళున్న గదిలో బెలూన్లు వద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ పైభాగంలోని ఎముకల మధ్య పట్టు తక్కువగా ఉంటుంది. గంగిరెద్దు వేషం వేయించి తల ఊపించడం, పిల్లిమొగ్గలు వేయించడం వాళ్ళతో చేయించకండి. తలలో చేరే నీటిని తీయడానికి షంట్ గొట్టం అమర్చిన పిల్లలకు భోగిపళ్ళు తల మీద పోయడం కూడా తగదు. ఒళ్ళో పోయండి, లేదా చేతుల్లో పెట్టండి.

పత్రి, మట్టి, పూలు

వినాయక చవితికి ఆకులు తాకించడం, వాసన చూపించడం చాలా చోట్ల చేస్తారు. మంచి ఆలోచనే. కానీ పూజకు చెప్పిన 21 పత్రిలో అన్నీ పిల్లల చేతికి ఇవ్వదగ్గవి కావు. దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త ఆకు. ఆ మొక్క మొత్తం విషమే, గింజల్లో మరీ ఎక్కువ. కరవీర పత్రం గన్నేరు. అదీ అంతే, గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తుంది. అర్క పత్రం జిల్లేడు. దాని పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. రేగుకీ జమ్మికీ వాకుడుకీ ముళ్ళుంటాయి. బజారులో అమ్మే పత్రి కట్టను విప్పకుండా తరగతిలోకి తేకండి. మాచిపత్రి, మరువం, తులసి, మామిడి, గరిక ఏరి, కడిగి, ఆరబెట్టి పెట్టుకోండి. నలిపితే వాసనొచ్చే మొదటి మూడూ చూపు లేని పిల్లలకు పండుగను దగ్గర చేస్తాయి. ఆకును వాళ్ళ ముక్కు దగ్గరకు మనం నెట్టకూడదు. మన అరచేతిలో పెట్టుకుంటే పిల్లలే వంగి వాసన చూస్తారు.

మట్టి వినాయకుడికి కళ్ళుగా గురివింద గింజలు పెట్టే అలవాటు ఇంకా ఉంది. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను: గురివింద గింజ గదిలోకి రాకూడదు. పైపొర పగలకుండా మింగితే ఏమీ కాకపోవచ్చు గానీ, నమిలితే ఒకట్రెండు గింజలే ప్రాణం తీయగలవు. కళ్ళు పుల్లతో గుచ్చితే చాలు.

చెరువు మట్టిలో గాజు పెంకులు, నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. జల్లెడ పట్టి, ఎండబెట్టి వాడండి. మట్టి తినే అలవాటున్న పిల్లకు అసలు మట్టే ఇవ్వకండి. ఉండ్రాళ్ళకు ఉడికించినట్టు బియ్యప్పిండి ఉడికించి, పసుపు కలిపి ముద్ద చేసి ఇవ్వండి. నోట్లో పెట్టుకున్నా విషం కాదు. పెద్ద ముద్ద గొంతుకు అడ్డం పడకుండా మాత్రం పక్కనే ఉండాలి. చాలా రోజులు నిలవ ఉంటుందని ఉప్పు ఎక్కువ వేసి కలిపే పిండి వద్దు. దాన్ని తింటే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతి ముద్రల కోసం ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో చేతులు ముంచనివ్వకండి. అది గట్టిపడేటప్పుడు చర్మం కాలేంత వేడెక్కుతుంది. వేడి తెలియని, చేయి లాక్కోలేని పిల్లకు అది చాలా ప్రమాదం.

బతుకమ్మకు తెచ్చే తంగేడు, గునుగు, బంతి పూలను ముందు బాగా దులపాలి. తేనెటీగలు, చీమలు ఉంటాయి. గునుగుకు అద్దిన రంగు తడి చేతులకు అంటి నోట్లోకి పోతుంది కాబట్టి రంగు వేయని పూలే తేండి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లను వలయం బయట ఉంచి చప్పట్లు కొట్టించడం చూస్తుంటాం. ఆమె చోటు వలయంలోనే, బ్రేకు వేసి. నిమజ్జనానికి చెరువు గట్టుకు తీసుకెళ్ళకండి. తొట్టిలో చేసినా, ఫిట్స్ వచ్చే పిల్లకు జానెడు నీళ్ళు కూడా ప్రాణాంతకమని గుర్తుంచుకుని చేయి అందేంత దూరంలో పెద్దవాళ్ళుండాలి. అయిపోగానే నీళ్ళు పారబోయాలి.

దీపావళి

పేలిన చోటి నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళ కంటే ఎక్కువ చప్పుడు చేసే టపాసులను మన దేశంలో తయారు చేయకూడదు, అమ్మకూడదు. ఆ హద్దు లోపల ఉన్న టపాసు సైతం చెవిలో నొప్పి పుట్టించగలదు. తరగతిలో టపాసు కాల్చకపోయినా, ఊళ్ళో వారం ముందు నుంచే మోత మొదలవుతుంది. దాన్ని మనం ఆపలేం. పిల్లను సిద్ధం చేయగలం. ఫోనులో టపాసు శబ్దాన్ని అతి తక్కువ స్థాయిలో, కొన్ని క్షణాలు మాత్రమే వినిపించండి. మొదలుపెట్టే, ఆపే మీట పిల్ల వేలి కింద ఉండాలి. తను నిశ్చింతగా ఉన్న రోజునే కాస్త పెంచండి, లేకపోతే పెంచకండి. "అలవాటవుతుంది" అనుకుని ముందు చెప్పకుండా గట్టిగా వినిపించడం అలవాటు చేయదు, భయాన్ని స్థిరపరుస్తుంది. చెవులకు పెట్టే మఫ్‌లు కూడా పండుగ రోజున కొత్తగా తగిలిస్తే పీకేస్తారు. ముందే రోజూ కొద్దిసేపు పెట్టి అలవాటు చేయాలి. చెవి మిషను ఉన్న పిల్లకు చప్పుడు బాధ లేదనుకోకండి. మిషనులో ధ్వని ఎంత ఉండాలో ముందే ఆడియాలజిస్టును (వినికిడి నిపుణులను) అడగండి.

దీపాల కాంతి చూపడానికి మెరిసి ఆరే సీరియల్ సెట్లు తెస్తుంటారు. వాటిని కదలకుండా వెలిగే తీరులోనే పెట్టండి. సెకనుకు మూడుసార్ల కంటే వేగంగా మిణుకుమనే వెలుగు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తుంది. అది ఎవరిలోనో ముందుగా మనకు తెలియకపోవచ్చు.

ఇక బ్యాటరీ ప్రమిదలు. వీటిలో చాలావాటి అడుగున గుండ్రని, బొత్తాములాంటి బ్యాటరీ ఉంటుంది. పిల్ల దాన్ని మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుతుంది. చొంగ కారడం, దగ్గు, తినకపోవడం తప్ప బయటికేమీ కనిపించకపోవచ్చు. మాటలు రాని పిల్ల విషయంలో ఇవి కూడా రోజూ ఉండేవే అనిపిస్తాయి. కాబట్టి మర బిగించిన మూత ఉన్న ప్రమిదలే కొనండి, మూత మీద గట్టి టేపు చుట్టండి, ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ లెక్కపెట్టండి. ఒక్క బ్యాటరీ తక్కువైనా, మింగిందేమోనని అనుమానం వచ్చినా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. వాంతి చేయించకూడదు. విరేచనంలో వస్తుందేమోనని ఎదురుచూడకూడదు.

నీటిలో ఉబ్బే రంగురంగుల జెల్ పూసల విషయమూ ఇంతే. సెన్సరీ తొట్టెలకు ఇవి చాలా అందంగా ఉంటాయి. మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డం పడతాయి, సాధారణంగా ఎక్స్‌రేలో కూడా కనిపించవు. సబ్జా గింజలు నానబెట్టి వాడుకోండి, జారుడు స్పర్శ అదే ఉంటుంది. మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లకు అవీ వద్దు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఫిట్స్ రావచ్చు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వద్దు. కదలకుండా గట్టిగా పట్టుకోవడం కూడా వద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయాలి.

సంక్రాంతి, హోలీ

ముగ్గుపిండి అని అమ్మేది రాతిపొడి, కొన్నిచోట్ల సున్నం కలిసినది. బియ్యప్పిండే వాడండి. రేగుపళ్ళ గింజలు, శనగలు, చెరకు ముక్కలు, పల్లీ పట్టీ గొంతుకు అడ్డం పడే తిళ్ళు; నమలలేని పిల్లకు వాసన, రంగు, స్పర్శ చాలు. నువ్వులు కొందరికి పడవు, కాగితం చూసుకోండి.

హోలీ రంగు గాలిలో ఎగిరితే ఆస్తమా పిల్లకు ఊపిరాడదు. చల్లడం పూర్తిగా మానేసి, తడిపిన రంగును పళ్ళెంలో పెట్టండి. మొహానికి ఎవరూ పూయకూడదు, ఉపాధ్యాయులు కూడా.

ఉగాది పచ్చడి

ఆరు రుచులనూ కలిపి ఒకేసారి నోట్లో పెట్టడం మన పద్ధతి. ఈ పిల్లలకు విడివిడిగా ఆరు గిన్నెల్లో పెట్టడం మేలు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు రెండు మూడు రకాల తిండి తప్ప ఏదీ ముట్టరు. అలాంటి పిల్ల గిన్నెను చూసిందంటే, వేలు ముంచిందంటే అదే ఆ రోజుకు పెద్ద విషయం. పట్టుపట్టి నాలుకకు రాస్తే మనం పెట్టే మామూలు అన్నం మీద కూడా నమ్మకం పోతుంది.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా చూసి, మెత్తగా రుబ్బిన పచ్చడిని చెంచా చివర అంటించి మాత్రమే పెట్టాలి. పడుకోబెట్టి గానీ, తల వెనక్కి వాల్చి గానీ పెట్టకూడదు. మామిడి ముక్కలు, వేపపువ్వు రేకులు విడిగా ఉంటే శ్వాసనాళంలోకి పోతాయి. పల్చటి పచ్చడి కంటే చిక్కటిదాన్ని మింగడం చాలామందికి తేలిక, అయినా ఎంత చిక్కగా ఉండాలో పిల్ల మింగే తీరును చూసే థెరపిస్టును అడగండి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లకు నోట్లో ఏమీ పెట్టకండి. బెల్లం వాసన, మామిడి వాసన తనకూ చేరతాయి. కారానికి మిరపపొడి కాకుండా చిటికెడు మిరియాలపొడి చాలు. తర్వాత చేతులు కడిగించండి, కళ్ళు నులుముకుంటారు.

ఏ కార్యక్రమంలోనైనా పిల్ల చేతిని పట్టి మట్టిలోనో రంగులోనో పెట్టకండి. మన చేయి కింద ఉంచి, వాళ్ళ చేయి దాని మీద ఆనించుకుంటే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోగలరు. "చాలు" అని చెప్పే బొమ్మ కార్డు అందుబాటులో ఉండాలి. అది చూపిన వెంటనే ఆపాలి. బతిమాలి ఇంకొక్కసారి అని చేయించడం ఆ కార్డుకు అర్థం లేకుండా చేస్తుంది. గదిలో ఒక మూల పండుగ అలంకరణ ఏదీ లేకుండా, చాప, దిండుతో వదిలేయండి. తల్లిదండ్రులు ఫొటోలు అడుగుతారు, ఆ మూలలో కూర్చున్న పిల్లను ఫొటో కోసం లేపవద్దు.

పండుగ మర్నాడు కార్యక్రమాలేవీ పెట్టుకోకండి. రాత్రి నిద్ర లేకపోవడం, ఊరెళ్ళిన హడావుడిలో మందు ఒక పూట తప్పడం ఫిట్స్‌కు దారి తీసే కారణాలు. ఉదయాన్నే ఇంటివాళ్ళను మందు వేశారా అని అడగండి, రోజూ ఉండే వరసలోనే తరగతి నడపండి. గది ఊడ్చేటప్పుడు బల్లల కిందా, చాపల మడతల్లోనూ పూసలు, గింజలు, బ్యాటరీలు మిగిలాయేమో మోకాళ్ళ మీద కూర్చుని వెతకండి. పిల్లల కంటి ఎత్తులో ఉన్నవి మనకు నిలబడితే కనిపించవు.