ఆన్‌లైన్ దుకాణం మార్పులో చెదిరిన తెలుగు పేర్లు: నా అనుభవం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి కలంకారీ అమ్ముతాం. దుకాణాన్ని కొత్త వేదికకు మార్చగానే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులయ్యాయి. 0417 అనే సరుకు సంఖ్య 417గా మారింది. బ్రౌజరు, ఫాంటు మార్చినా, ఫైలు మళ్లీ ఎక్కించినా ఫలితం లేదు.

పనిచేసింది ఇది. పాత దుకాణం నుంచి సీఎస్‌వీ ఫైలును (సరుకుల పట్టికను కామాలతో విడదీసి దాచే మామూలు టెక్స్ట్ ఫైలు) కొత్తగా దించుకున్నాను. దాన్ని నేరుగా తెరవలేదు, అసలు కిటుకు అక్కడే ఉంది. ఖాళీ స్ప్రెడ్‌షీట్ తెరిచి, డేటా మెనూ నుంచి ఫైలును దిగుమతి చేస్తూ, ఎన్‌కోడింగ్ (ఫైలులోని అక్షరాలను కంప్యూటరు చదివే పద్ధతి) దగ్గర 65001, అంటే తెలుగు అక్షరాలను కూడా చదవగల యూటీఎఫ్-8 ఎంచుకున్నాను. ముందున్న సున్నా పోకుండా, సరుకు సంఖ్యల నిలువు వరుసను ఆ దిగుమతిలోనే టెక్స్ట్‌గా మార్చాను. సేవ్ చేసిందీ యూటీఎఫ్-8 సీఎస్‌వీగానే. ముందు ఒక్క దుపట్టాను ఎక్కించి, పేరూ సంఖ్యా సరిచూశాకే మిగతావి. దయచేసి ఈ మెట్టు దాటేయకండి.

అందరికీ ఇదే మందని చెప్పలేను. దించిన ఫైలును ముందు నోట్‌ప్యాడ్‌లో చూడండి. అక్కడే తెలుగు చెడి ఉంటే లోపం పాత దుకాణం ఎగుమతిలో ఉన్నట్టు, ఈ పద్ధతి పనికిరాదు.