టికెట్ కన్నా ముందు పసుపు కార్డు

సెలవుల్లో వన్యప్రాణి సంరక్షణ పనికి వలంటీర్లుగా కెన్యా వెళ్లే తిరుపతి విద్యార్థులు ముందు ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే జ్వరం) టీకా సంగతి చూసుకోండి. దాన్ని ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో వెయ్యరు, అనుమతి ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గర్లో చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వేసే రోజులు కనుక్కుని, ఒరిజినల్ పాస్‌పోర్టుతో వెళ్లండి. కోడిగుడ్డు పడనివాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. టీకా వేశాక రుజువుగా పసుపు కార్డు ఇస్తారు. టీకా పడిన పది రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు. ఆపైన జీవితాంతం పనికొస్తుంది. పాస్‌పోర్టు నంబరు, ఇంటిపేరు, తేదీ, ముద్ర అక్కడే నిలబడి సరిచూసుకోండి. కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

ప్రవేశ అనుమతి ఇంకో మెలిక. కెన్యా 2024 నుంచి వీసా తీసేసి, దాని బదులు ఈటీఏ (ప్రయాణానికి ముందే ఆన్‌లైన్లో తీసుకునే అనుమతి) పెట్టింది. టూరిస్టుగా తీసుకున్న ఈటీఏ మీద వలంటీరు పని చెయ్యొచ్చా అని నిర్వాహకుల్ని ఈమెయిల్లోనే అడగండి, ఫోన్లో చెప్పిన మాటకు రుజువుండదు. సింహం కూనల్ని ఎత్తుకుని ఫొటో దిగనిస్తామన్న చోటికైతే పైసా కట్టకండి. మనుషుల చేతుల్లో పెరిగిన కూన మళ్లీ అడవిలో బతకడం కష్టం.

సర్దేటప్పుడు ప్లాస్టిక్ క్యారీబ్యాగులు వద్దు, కెన్యాలో 2017 నుంచి నిషేధం. అమ్మ కవర్లో కట్టిచ్చిన కందిపొడి స్టీలు డబ్బాలోకి మార్చండి. శేషాచలంలో తిరిగిన బూట్లయితే, ఇక్కడి విత్తనాలు అక్కడి అడవికి చేరకుండా, అడుగున ఇరుక్కున్న మట్టి, గింజలు పాత టూత్‌బ్రష్‌తో గీకి, కడిగి, ఎండబెట్టాకే పెట్టెలో పెట్టండి.