ఇల్లు ఒక రాష్ట్రంలో, పని మరో రాష్ట్రంలో: అమెరికాలో రాష్ట్ర పన్ను లెక్క చూసుకునే తీరు

అమెరికాలో ఇంటి నుంచి పనిచేసేవారు, పని మీద రాష్ట్రాలు తిరిగేవారు ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. నివాస రాష్ట్రం మీ మొత్తం ఆదాయంపై పన్ను వేస్తుంది. మీరు పనికి వెళ్లిన రాష్ట్రం అక్కడ చేసిన పనికి వచ్చిన జీతంపై మాత్రమే వేస్తుంది. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీ వంటి తొమ్మిది రాష్ట్రాలలో జీతంపై పన్ను లేదు. అయితే అక్కడ నివసించినంత మాత్రాన ఇతర రాష్ట్రాల పన్ను తప్పదు.

జనవరి మొదటి వారం నుంచే పనిదినాల పట్టిక రాసుకోండి. తేదీ, పనిచేసిన ఊరు, వెళ్లిన కారణం, ఈ మూడు వరుసలు చాలు. విమాన టికెట్లు, హోటల్ బిల్లులు దానికి జతగా దాచండి. టెక్సాస్‌లోని డాలస్‌లో ఉండి అక్కడి ఆఫీసులోనే పనిచేసే ఒక ఉద్యోగి ఏడాది జీతం 1,20,000 డాలర్లు అనుకుందాం. సెలవులు తీసేయగా అతను పనిచేసినవి 240 రోజులు, అందులో 24 న్యూయార్క్‌లో గడిచాయి. అంటే జీతంలో పదో వంతు, 12,000 డాలర్లు, న్యూయార్క్ ఆదాయంగా లెక్కకు వస్తుంది. కొన్ని రాష్ట్రాలు కొద్ది రోజుల పనిని వదిలేస్తాయి. ఉదాహరణకు ఇల్లినాయ్ 30 పనిదినాలు దాటితేనే బయటి ఉద్యోగి జీతంపై పన్ను అడుగుతుంది. న్యూయార్క్‌లో 14 రోజుల వెసులుబాటు ఉన్నమాట నిజమే కానీ అది యజమాని జీతంలోంచి పన్ను కోసే బాధ్యతకు సంబంధించినది, ఉద్యోగి చెల్లించవలసిన పన్నుకు కాదు. ఈ తేడా తెలియక చాలామంది పొరబడతారు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది ‘యజమాని సౌకర్యం’ నియమం. మీ ఆఫీసు న్యూయార్క్‌లో ఉండి, మీరు సొంత వీలు కోసం న్యూజెర్సీలోని ఇంట్లో పనిచేస్తే, ఆ రోజులు కూడా న్యూయార్క్‌లో పనిచేసినట్టే లెక్క. యజమాని అవసరం కొద్దీ బయట పనిచేయవలసి వచ్చిందని రుజువు చేయగలిగితేనే మినహాయింపు దొరుకుతుంది, ఆ రుజువు తేలిక కాదు. పెన్సిల్వేనియా, డెలవేర్, నెబ్రాస్కాలలో కూడా ఇలాంటి నియమాలు ఉన్నాయి. న్యూజెర్సీ 2023 నుంచి, ఇటువంటి నియమం ఉన్న రాష్ట్రాల నివాసుల విషయంలో మాత్రం, అదే పద్ధతి పాటిస్తోంది.

పొరుగు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంటే పని సులువవుతుంది. పెన్సిల్వేనియాలో ఉంటూ న్యూజెర్సీలో పనిచేసేవారు ఎన్‌జే-165 ఫారం యజమానికి ఇస్తే, జీతంపై నివాస రాష్ట్రపు పన్ను మాత్రమే పడుతుంది. న్యూజెర్సీ, న్యూయార్క్‌ల మధ్య అలాంటి ఒప్పందం లేదు.

రిటర్న్ వేసేటప్పుడు వరుస ముఖ్యం. ముందు పని రాష్ట్రపు నాన్‌రెసిడెంట్ రిటర్న్, అంటే అక్కడ నివసించనివారు వేసే రిటర్న్, పూర్తి చేయాలి. న్యూయార్క్‌కైతే అది ఐటీ-203. అక్కడ తేలిన పన్నును బట్టి నివాస రాష్ట్రపు రిటర్న్‌లో క్రెడిట్, అంటే బయటి రాష్ట్రానికి కట్టిన పన్నుకు బదులుగా తగ్గింపు, అడగాలి. క్రెడిట్‌కు పరిమితి ఉంటుంది: ఆ ఆదాయంపై సొంత రాష్ట్రం వేసే పన్నును మించి తిరిగి రాదు. పై ఉదాహరణలోని డాలస్ ఉద్యోగికి సొంత రాష్ట్రంలో పన్నే లేదు కాబట్టి క్రెడిట్ అనే మాటే ఉండదు, న్యూయార్క్‌కు కట్టినది కట్టినట్టే.

తరచుగా వెళ్లే రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ కూడా ఉంచుకునేవారు 183 రోజుల గీతను మరచిపోకూడదు. న్యూయార్క్‌లో శాశ్వత వసతి ఉండి, ఏడాదిలో 183 రోజులకు మించి అక్కడ గడిపితే ఆ రాష్ట్రం మిమ్మల్ని నివాసిగా పరిగణించి మొత్తం ఆదాయంపై పన్ను వేయగలదు. రోజులో కొంత భాగం ఉన్నా సాధారణంగా అది ఒక రోజే.

ఏడాది జీతం, కోసిన పన్ను చూపుతూ యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 ఫారం చేతికి రాగానే 15, 16, 17 గడులు చూడండి. రాష్ట్రం పేరు, ఆ రాష్ట్రపు జీతం, కోసిన పన్ను అక్కడ ఉంటాయి. న్యూయార్క్ వరుసలో ఏడాది జీతం మొత్తం కనిపిస్తే కంగారు పడకండి, ఆ రాష్ట్రం యజమానులను అలాగే చూపమంటుంది. దానిని రోజుల లెక్కన విడదీసేది ఐటీ-203-బి షెడ్యూల్‌లో, మీ పట్టిక ఆధారంగానే. వెళ్లని రాష్ట్రం పేరు కనిపించినా, ఇల్లు మారినా పాత రాష్ట్రానికే పన్ను కోసినా, రిటర్న్ వేయకముందే పేరోల్ విభాగానికి రాసి, సరిచేసిన డబ్ల్యూ-2సి అడిగి తీసుకోండి.