ఆక్‌లో తెలుగు అక్షరాల లెక్క తప్పుతోందా?

డెబియన్, ఉబుంటు లినక్స్‌లతో ముందే వచ్చే ఆక్ (టెక్స్ట్ ఫైళ్లతో పనిచేసే చిన్న ప్రోగ్రామింగ్ భాష) నిజానికి మాక్ అనే రూపం (ఆక్ ముందు ఎం). చిన్నది, చాలా వేగం. కానీ అది లెక్కపెట్టేది బైట్లనే. 'తెలుగు' అనే మాటకు లెంగ్త్ అడిగితే 18 అంటుంది, ఎందుకంటే యుటిఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. సబ్‌స్ట్రింగ్‌తో మొదటి 4 తీసుకోమంటే 'త' పూర్తిగా, ఎత్వంలో ఒక ముక్క వస్తాయి. తెర మీద చెత్త గుర్తు కనబడేది అందుకే.

ఆక్‌కే మరో రూపమైన గాక్ (ఆక్ ముందు జి) ప్యాకేజీని ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేయండి. ఆల్టర్నేటివ్స్‌ను (ఏ పేరు ఏ ప్రోగ్రామును పిలవాలో చెప్పే అమరిక) మీరు చేత్తో మార్చి ఉండకపోతే, ఆక్ అనే పేరు దానంతటదే గాక్ వైపు తిరుగుతుంది. ఇప్పుడు అదే మాటకు 6 వస్తుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మనం చదివే 3 అక్షరాలు మాత్రం రావు. గాక్ కూడా గుణింతాన్ని విడదీసే లెక్కిస్తుంది కాబట్టి, ప్రింట్‌ఎఫ్‌తో వరసలు పేర్చితే తెలుగు పట్టికలు ఇంకా కాస్త వంకరగానే ఉంటాయి.

గాక్ పెట్టాక కూడా 18 వస్తే లొకేల్ (భాష, అక్షరాల పద్ధతి చెప్పే సెట్టింగ్) చూడండి. క్రాన్‌లో (పనులను వేళకు దానంతటదే నడిపేది) నడిచే స్క్రిప్టుల్లో ఇది తరచూ యుటిఎఫ్-8 లేని ఉత్త 'సి'గా ఉండిపోతుంది. స్క్రిప్టు మొదట్లో ఎల్‌సి_ఆల్‌ను (లొకేల్‌ను నిర్ణయించే వేరియబుల్) సి.యుటిఎఫ్-8గా ఎక్స్‌పోర్ట్ చేస్తే సరి.

మాక్‌ను తీసేయకండి. పెద్ద పెద్ద లాగ్ ఫైళ్లకు దాన్నే పేరు పెట్టి పిలవడం మేలు.