పాత కాగితాల్లో మనిషిని వెతకడం – 3వ పాఠం: బావ వెళ్లాడు, మరి బావమరిది?

పోయిన రెండు పాఠాల్లో పేర్ల గొడవ చూశాం. 1618 జులై 31న ఫ్రాన్సులోని షార్లీ-స్యూర్-మార్న్ అనే ఊళ్లో మెడార్ షువార్ పేరుతో బాప్తిస్మం తీసుకున్న పిల్లాడూ, కెనడాలో ‘సియర్ దె గ్రోసెయ్యే’ అని గౌరవంగా పిలిపించుకున్న బొచ్చుతోళ్ల వ్యాపారీ, ఇంగ్లిష్ వాళ్లు ‘గూస్‌బెర్రీ’ అని పిలిచిన ముసలాయనా ఒక్కరేనని ఎలా తేల్చుకోవాలో ప్రాక్టీస్ చేశాం. గ్రోసెయ్యే అంటే ఫ్రెంచిలో ఆ పండ్ల పొదలే, అందుకే ఇంగ్లిష్ నోట్లో ఆ పేరు అలా మారింది.

ఈ వారం అంతకన్నా కష్టమైన పని. ఒక మనిషి తన గురించి తానే చెప్పుకున్న కథ ఒకవైపు, దానికి అడ్డం పడే చిన్న కాగితం ఇంకోవైపు. రెంటిలో దేన్ని నమ్మాలి?

ముందు సంగతి చెప్తాను. 1640ల చివర్లో కెనడా వైపు ఇరోక్వాలనే మూలవాసి జాతులు హ్యూరన్ అనే ఇంకో మూలవాసి జాతుల ఊళ్లను నాశనం చేశాక, పడమటి నుంచి బీవర్ (నీళ్ల దగ్గర బతికే ఎలుకజాతి జంతువు) తోళ్లు వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. యూరప్‌లో ఫెల్ట్ టోపీలు చేసేది ఈ తోలు మీది మెత్తటి నూగుతోనే, అక్కడి ఫ్రెంచి కాలనీ బతికేదీ దాని మీదే. తోళ్లు రాకపోతే అక్కడ డబ్బు ఆడదు. అలాంటి టైంలో, 1654 ఆగస్టు 6న, గవర్నర్ అనుమతి తీసుకుని ఇద్దరు ఫ్రెంచి యువకులు మూలవాసుల పడవల్లో పడమటికి వెళ్లారు. 1656 ఆగస్టు చివర్లో 50 పడవల నిండా తోళ్లతో తిరిగొచ్చారు. ఇది జెస్యూట్ ఫాదరీలు ఏటా ఫ్రాన్సుకు పంపే నివేదికలో ఉంది. అయితే ఆ నివేదిక ఇద్దరి పేర్లూ రాయలేదు, ‘ఇద్దరు యువకులు’ అని వదిలేసింది.

అందులో ఒకరు గ్రోసెయ్యే అని మిగతా ఆధారాల వల్ల తెలుసు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఆయన పెళ్లి తేదీ చూడండి. మార్గరీత్ అయె అనే వితంతువుని ఆయన రెండో పెళ్లి చేసుకున్నది 1653 ఆగస్టు 24న. అంటే పెళ్లయి ఏడాది నిండకుండానే ఇల్లు వదిలి రెండేళ్లు పోయాడు. ఈ మాట ఏ నివేదికలోనూ ఎవరూ రాయలేదు, రెండు తేదీలు పక్కపక్కన పెడితే దానంతట అదే కనపడింది. మీరు నేర్చుకోవాల్సిన మొదటి అలవాటు ఇదే, తేదీల్ని ఒంటరిగా వదలొద్దు.

ఇప్పుడు రెండో మనిషి ఎవరు? మార్గరీత్‌కి ఒక తమ్ముడు ఉన్నాడు, తల్లి ఒకరే, తండ్రులు వేరు. పియెర్-ఎస్ప్రీ రాడిసన్. కుర్రతనంలో మోహాక్‌లు (ఇరోక్వాల్లో ఒక తెగ) పట్టుకెళ్లి, ఒక ఇంట్లో దత్తత కొడుకుగా పెంచుకుంటే కొన్నాళ్లుండి తప్పించుకొచ్చినవాడు, మాటల్లో మహా గట్టివాడు. 1660ల్లో ఇంగ్లండ్ చేరాక తన ప్రయాణాల కథలు రాశాడు. ఆ రాతప్రతులు డైరీతో పేరుపడ్డ ఇంగ్లిష్ ఉద్యోగి సామ్యూల్ పెపీస్ కాగితాల మధ్య చేరి, అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీకి వెళ్లి, 1885లో గానీ అచ్చు కాలేదు. అందులో అతను స్పష్టంగా చెప్తాడు: బావతో పాటు వెళ్లిన ఆ రెండోవాడిని నేనే అని.

కథ బ్రహ్మాండంగా ఉంటుంది, చదువుతుంటే నమ్మేయాలనిపిస్తుంది. నేనూ మొదటిసారి పూర్తిగా నమ్మేశాను, నోట్స్ కూడా రాసుకున్నాను.

తర్వాత ఎదురైంది ఆ దస్తావేజు. 1655 నవంబరు 7వ తేదీ, కెనడాలోని క్యుబెక్ పట్నం. కింద రాడిసన్ సంతకం. ఆ రోజుకి బావ ఎక్కడో గ్రేట్ లేక్స్ వైపు ఉండాలి, తిరిగి రావడానికి ఇంకా తొమ్మిది నెలలు ఉంది. మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండలేడు కదా.

సరే, దేన్ని నమ్మాలి? ‘కాగితమే కరెక్ట్’ అని వెంటనే అనకండి. కాగితాలూ అబద్ధాలాడతాయి, బళ్లో వేసిన పుట్టినతేదీకీ అసలు పుట్టినరోజుకీ పొంతన లేనివాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది లేరు! అందుకే ప్రతి ఆధారాన్నీ మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరు రాశారు, జరిగిన ఎన్నాళ్లకి రాశారు, ఎవరిని మెప్పించడానికి రాశారు.

దస్తావేజు సంగతి చూడండి. రాసుకున్న రోజే సంతకం పడింది. ఆ రోజు క్యుబెక్‌లో ఉన్నానని చెప్పుకుంటే రాడిసన్‌కి ఒరిగేదేమీ లేదు, ఇలాంటి ప్రయాణం గురించి ఎవరో వాదించుకుంటారని ఆ కాగితం రాసినవాడికి తెలియదు. కథ సంగతి వేరు. పన్నెండేళ్లకు పైగా గడిచాక, లండన్‌లో, కెనడా ఉత్తరాన ఉన్న హడ్సన్ బే అనే అఖాతం వైపు ఓడలు పంపడానికి రాజుగారి చుట్టూ ఉన్న డబ్బున్నవాళ్లని ఒప్పించాల్సిన రోజుల్లో రాసింది. ఆ దేశం నాకు అరచేతిలో గీతలా తెలుసు అని చూపించుకోవాల్సిన అవసరం అతనికి ఉంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను దస్తావేజు వైపే ఉంటాను.

అలాగని కథని చెత్తబుట్టలో వేయకండి, దయచేసి. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు అదే, ఒక అబద్ధం దొరకగానే మొత్తం కొట్టేస్తారు. రాడిసన్ ఆ ప్రయాణం చేయకపోయినా, చేసిన మనిషి అతని బావ. చలికాలం రాత్రుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని బావ చెప్పినవి ఎన్ని విని ఉంటాడో. అంటే ఆ పేజీలు కళ్లారా చూసినవి కాకపోయినా చెవులారా విన్నవి కావచ్చు. మీ నోట్సులో ‘అబద్ధం’ అని రాయకండి, ‘రాడిసన్ నోట, బహుశా గ్రోసెయ్యే నుంచి’ అని రాసుకోండి. 1659-60లో ఇద్దరూ కలిసి లేక్ సుపీరియర్ వైపు వెళ్లిన మాట నిజమే, ఆ భాగాన్ని వేరే లెక్కలో చూడాలి.

ఆ రెండో ప్రయాణం గురించి ఇంకో మాట, ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. 1660 ఆగస్టులో వాళ్లు 60 పడవలతో, 300 మంది మూలవాసులతో దిగారు. ఫాదరీల దినచర్య పుస్తకంలో గ్రోసెయ్యే పేరు ఉంది, పడవల లెక్క ఉంది, తోళ్ల ఖరీదు రెండు లక్షల లివ్ర్‌లు (అప్పటి ఫ్రెంచి డబ్బు) అని కూడా ఉంది. ఆ 300 మందిలో ఒక్కరి పేరూ లేదు. పడవలు వాళ్లవి, తోళ్లు వాళ్లు తెచ్చినవి, దారి తెలిసిందీ వాళ్లకే. అందుకే మీరు రాసే జీవితకథలో ‘గ్రోసెయ్యే 60 పడవల తోళ్లు తెచ్చాడు’ అని రాయకండి, ‘60 పడవల వాళ్లతో కలిసి వచ్చాడు’ అని రాయండి. క్రియాపదం మారితే మనిషి సైజు మారిపోతుంది.

ఇక ఇంటిపని. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: తేదీ, సంగతి, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు. పైన వచ్చిన ప్రతి తేదీనీ అందులో ఎక్కించండి. ఫ్రెంచి రిజిస్టర్లే కావాలనుకునే తెలుగువాళ్లకి యానాం ఉండనే ఉంది, 1954 దాకా ఫ్రెంచి పాలనే కాబట్టి అక్కడి పాత జనన మరణ నమోదులకీ ఈ గళ్లు సరిపోతాయి.

చివరి వరసలో ఇది కూడా వేయండి. గ్రోసెయ్యే ఎక్కిన నాన్‌సచ్ అనే ఓడ థేమ్స్ నది నుంచి బయల్దేరింది 1668 జూన్ 3న, ఇంగ్లిష్ లెక్కలో. అదే రోజు కెనడాలో కూర్చుని క్యాలెండర్ చూసిన ఆయన భార్యకి తేదీ జూన్ 13. ఈ పది రోజులు ఎక్కడికి పోయాయో ఆలోచించి ఉంచండి, 4వ పాఠం అక్కడే మొదలవుతుంది.