బయోచార్ వేసినా నైట్రేట్ తగ్గడం లేదా?

నీటిలోని నైట్రేట్ తీయడానికి వేసిన బయోచార్‌ను (గాలి చాలకుండా చెక్క, పొట్టు లాంటివి కాల్చి చేసిన బొగ్గు) నిందించే ముందు కొలత సరిచూసుకోండి. ల్యాబ్ రిపోర్టుకీ టెస్ట్ స్ట్రిప్‌కీ పొంతన కుదరకపోతే, చాలాసార్లు తేడా నీటిలో కాదు, లెక్కలోనే ఉంటుంది. ఒకటి మొత్తం నైట్రేట్‌ను చూపిస్తే, మరొకటి అందులోని నైట్రోజన్‌ను మాత్రమే చూపిస్తుంది. నైట్రోజన్ అంకెను 4.43తో గుణిస్తే నైట్రేట్ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి చెప్పిన 50 మిల్లీగ్రాముల పరిమితి (లీటరుకు) నైట్రేట్ లెక్కలోది. నైట్రోజన్‌గా చూస్తే అది సుమారు 11. నీటిలో నల్లటి పొడి తేలుతుంటే రంగు చూసి చేసే పరీక్ష తప్పుతుంది కాబట్టి, వడగట్టాకే పరీక్షించండి.

అంకె అసలు కదలడం లేదు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. బొగ్గు అన్నిటినీ పీల్చేస్తుందన్న నమ్మకమే దీనికి మూలం. బయోచార్ ఉపరితలం మీద సాధారణంగా రుణావేశం ఉంటుంది. నైట్రేట్‌దీ రుణావేశమే. అందుకే అమ్మోనియంను పట్టుకునే అదే బొగ్గు నైట్రేట్‌ను దూరంగా నెట్టేస్తుంది. ఇంకో రెండు గుప్పెళ్లు వేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

600 డిగ్రీల సెల్సియస్, ఆపైన కాల్చిన బొగ్గు కాస్త నయం, అంతే. అసలు మార్పు రావాలంటే ఉపరితలానికి ధనావేశం అద్దాలి. ముడిపదార్థాన్ని మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి, తర్వాత కాల్చడం ఒక దారి. తయారైన బొగ్గును ఫెర్రిక్ క్లోరైడ్‌లో నానబెట్టి, పసుపు రంగు దిగడం ఆగేదాకా కడగడం ఇంకో దారి. రెండోదానికి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ ద్రావణానికి ఆమ్లగుణం ఎక్కువ.

ఫలితం తేల్చడానికి ఒకే నీటిని రెండు సీసాల్లో పోయండి. ఒకదానిలోనే బొగ్గు వేసి, రెండింటినీ ఒకేసేపు కలిపి, వడగట్టి కొలవండి. బొగ్గు లేని సీసా పక్కన లేకపోతే ఆ అంకెను నేను నమ్మను.

పీహెచ్ పెరిగింది

బొగ్గులోని బూడిద పని అది. క్షారగుణం పెరిగేకొద్దీ హైడ్రాక్సైడ్ అయాన్లు నైట్రేట్‌తో పోటీ పడతాయి. కడిగిన నీటి పీహెచ్ స్థిరపడేదాకా కడగండి.

మొదట పనిచేసింది, ఇప్పుడు లోపలికి వెళ్లేదానికంటే బయటికొచ్చేదే ఎక్కువ

మీటరు పాడైందనుకుంటారు. కాదు. బొగ్గు మీద నైట్రేట్ అంటుకునే చోట్లన్నీ నిండిపోయాయి. పైగా నీటిలో సల్ఫేట్, ఫాస్ఫేట్ ఉంటే అవి గట్టిగా పట్టుకుని, వదులుగా అంటుకున్న నైట్రేట్‌ను గెంటేస్తాయి. ఆ నీటిలో సల్ఫేట్ ఎంతుందో ముందే తెలుసుకోవడం మంచిది. ఉప్పునీటితో కడిగితే బొగ్గు కొంత కోలుకుంటుంది. కానీ తీసేసిన నైట్రేట్ అంతా ఆ ఉప్పునీటిలోకే చేరుతుంది. దాన్ని బావి దగ్గరో కాలువలోనో పారబోస్తే సమస్య తిరిగి మొదటికే.

చెక్కముక్కలతో బొగ్గు కలిపిన పడకలో (నీరు గుండా పారే వడపోత పొరలో) వాసన, లేదా నైట్రైట్

ఇక్కడ పని చేసేది సూక్ష్మజీవులు. ఆక్సిజన్ లేని చోట అవి నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మారుస్తాయి. బయోచార్ వాటికి ఇల్లు మాత్రమే, తిండి చెక్కముక్కలే. ఉత్త బొగ్గు పడకలో అవి పస్తులే.

నైట్రైట్ (నైట్రేట్ వాయువుగా మారే దారిలో మధ్యలో వచ్చేది) కనిపిస్తే పని సగంలో ఆగిందన్నమాట: నీరు మరీ వేగంగా పోతోంది, తిండి చాలడం లేదు, లేదా చలి ఎక్కువైంది. ప్రవాహం తగ్గించండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే దీనికి సరిగ్గా తిరగబడ్డ లోపం: నైట్రేట్ అయిపోయాక కూడా నీరు లోపలే ఉండిపోయి, సూక్ష్మజీవులు సల్ఫేట్ మీద పడ్డాయి. ప్రవాహం పెంచండి.

ఇంట్లో చేసిన ఏ పడక నీటినీ ల్యాబ్‌లో నైట్రేట్, నైట్రైట్ రెండూ పరీక్షించకుండా తాగకండి, పసిపిల్లల పాలలో అసలే కలపకండి. మరిగించినా లాభం లేదు: నీరు ఆవిరై, నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.