ఎండాకాలంలో ఈటీఓ లోడు పెట్టే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో ఎండలు ముదిరాయి. సీఎస్ఎస్‌డీల్లో (ఆసుపత్రి పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగాల్లో) పనిచేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈటీఓ, అంటే ఎథిలీన్ ఆక్సైడ్ గ్యాస్‌తో క్రిముల్ని చంపే మెషిన్ తలుపు వేసే ముందు ఇవి చూడండి.

ఎండిన రక్తం మిగలకూడదు. ఎథిలీన్ ఆక్సైడ్ తగిలితేనే సూక్ష్మజీవి డీఎన్ఏ, ప్రోటీన్లు దెబ్బతింటాయి. సన్నటి ట్యూబులో రక్తం, సెలైన్ ఉప్పు పేరుకుంటే వాటి కిందున్న స్పోర్లకు (గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియాకు) గ్యాస్ అందదు. సైకిల్ మాత్రం పాస్ అయినట్టే కనిపిస్తుంది.

నీటి చుక్క వద్దు, తేమ మాత్రం కావాలి. చుక్క నీటితో కలిస్తే గ్యాస్ ఎథిలీన్ గ్లైకాల్ అవుతుంది. తేమ 40–80 శాతం మధ్య లేకపోతే ఎండిపోయిన స్పోరు మొండికేస్తుంది. మామూలు బ్యాక్టీరియా, ఫంగస్ అంత ఇబ్బంది పెట్టవు. ఏసీ గదుల్లో మే నెలలో అసలు టెన్షన్ ఇదే.

ఇండికేటర్ (క్రిములు చచ్చాయో లేదో చూపే స్పోర్ల పరీక్ష) ఒకదాని బదులు ఇంకోటి పెట్టకూడదు. ఈటీఓకి బాసిల్లస్ అట్రోఫియస్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్. ఏ గ్యాస్‌ను ఏ స్పోరు గట్టిగా తట్టుకుంటుందో దానితోనే పరీక్ష.

పెరాక్సైడ్ ప్లాస్మా మెషిన్‌లో (హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో స్టెరిలైజ్ చేసేది) కాగితం, నూలు గుడ్డ పెట్టొద్దు. ఆవిరిని పీల్చేస్తాయి.

ప్రయాన్ (మెదడు జబ్బు తెచ్చే వికృత ప్రోటీన్) అనుమానం ఉన్న పరికరాన్ని ఈటీఓకి పంపొద్దు. ఆ ప్రోటీన్‌ని అది ఏమీ చేయలేదు.

ఈటీఓ తర్వాత ఏరేషన్ (మిగిలిన గ్యాస్‌ను గాలితో పోగొట్టడం) మధ్యలో పరికరాన్ని తీయొద్దు, సర్జన్ గారు తొందరపెట్టినా సరే. సాధారణంగా 50 డిగ్రీల్లో 12 గంటలు, 60లో 8 గంటలు పడుతుంది. ప్లాస్టిక్‌లో మిగిలిన గ్యాస్ పేషెంట్ చర్మాన్ని కాలుస్తుంది.